పిల్లల నమ్మకాన్ని చిన్నచూపు చూడని కౌన్సెలర్‌ను వెతుక్కోవడం ఎలా?

"మా వాడికి కౌన్సెలింగ్ ఇప్పిద్దామని ఉందండీ. కానీ అక్కడికెళ్తే మా పూజలూ పద్ధతులూ మూఢనమ్మకాలని తీసిపారేస్తారేమో?"

నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో రోజూ విష్ణు సహస్రనామం చదివే తల్లులున్నారు, ఐదు పూటలా నమాజు చేసే తండ్రులున్నారు, ఉపవాస ప్రార్థన ఒక్క వారం కూడా మానని కుటుంబాలున్నాయి. అందరి భయం ఒక్కటే. ఇంకొందరైతే సూటిగా "మా మతం వాళ్లే కావాలి, ఎవరైనా తెలుసా?" అని అడిగేస్తారు.

జూనియర్ కాలేజీ పిల్లలతో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను. 13 నుంచి 24 ఏళ్ల మధ్య వయసు పిల్లలున్న ఇళ్లకు ఇది పనికొస్తుంది. ఆ వయసులో ఉండి, మీకోసం మీరే చదువుకుంటున్నా పరవాలేదు. "మీ అబ్బాయి", "మీ అమ్మాయి" అన్నచోటల్లా "నేను" అని చదువుకోండి.

అన్నిటికంటే ముందు

చనిపోవాలనుందని అన్నా, ఒంటిమీద గాయాలు చేసుకుంటున్నా, రెండు మూడు రాత్రులుగా నిద్రపోకుండా పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా, ఎవరూ లేకుండానే గొంతులు వినిపిస్తున్నాయన్నా తీరిగ్గా కౌన్సెలర్‌ను వెతికే సమయం లేదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సేవ ఇది. రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ ఉండవు. ప్రాణం మీదకొచ్చిందనిపిస్తే 112కి చేయండి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లను ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుల మందు, కలుపు మందు, నాయనమ్మ బీపీ మాత్రలు ఉంటే ఈ రోజే ఇల్లు దాటించండి.

పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఆ భయంతో ఆసుపత్రి మానొద్దు.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఒక నోటు పుస్తకం. రెండు వారాల పాటు నిద్ర, తిండి, చదువు, స్నేహితులు, చిరాకు గురించి రోజుకు రెండు ముక్కలు రాయండి. పూజలోనో ప్రార్థనలోనో మార్పు వస్తే అదీ రాయండి. మానేసినా మార్పే, ఉన్నట్టుండి ఎక్కువ చేసినా మార్పే.
- ఇప్పటిదాకా ఎవరెవరి దగ్గరికి తీసుకెళ్లారో ఆ జాబితా. దిష్టి తీయించడం, తాయెత్తు, దర్గాలో నిద్ర, నూనె పూసి ప్రార్థన, అంత్రం కట్టించడం, ఏదైనా సరే. ముఖ్యంగా తాగడానికో తినడానికో ఏమైనా ఇచ్చారా అన్నది. పసరు, భస్మం, పొడి లాంటివి మాత్రలతో పడకపోవచ్చు కాబట్టి డాక్టరు దగ్గర సిగ్గుపడి దాచొద్దు.
- పాత మందుల చీటీలు, రక్తపరీక్షల కాగితాలు. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువున్నా మనిషి నీరసంగా, దిగులుగా కనిపించవచ్చు. అది ముందు తేలితే మంచిది.
- పిల్లవాడి ఒప్పుకోలు. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా పని జరగదు.

1. నమ్మకం ఎవరిదో ముందు తేల్చుకోండి

ఎక్కువమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఇంటికి తగ్గ కౌన్సెలర్‌ను వెతుకుతారు గానీ పిల్లవాడికి తగ్గ మనిషిని కాదు. మీ ఇంట్లో మూడు తరాలుగా మాల వేస్తూ ఉండొచ్చు, మీ అబ్బాయికి మాత్రం దేవుడున్నాడా అనే అనుమానం ఉండొచ్చు. అమ్మాయి చర్చి క్వయర్‌లో పాడుతూనే రాత్రిపూట "దేవుడు నన్ను వదిలేశాడు" అని ఏడుస్తుండొచ్చు. దీనికి తిరకాసు కూడా ఉంది. తల్లిదండ్రులు ఏమీ పట్టించుకోని ఇంట్లో, హాస్టల్ స్నేహితుల వల్ల భక్తిలో పడ్డ పిల్లలనూ చూశాను. వాళ్లది వేషమని ఇంట్లో నవ్వుతారు, వాళ్లు లోలోపల మూసుకుపోతారు.

ఒక సాయంత్రం, ఫోన్లు పక్కన పెట్టి, ఇద్దరే ఉన్నప్పుడు ఇలా అడగండి:

"నీకు కష్టంగా ఉన్నప్పుడు ఏం చేస్తే కాస్త తేలికవుతుంది? దేవుడి విషయం కూడా అక్కడ మాట్లాడాలనుందా, వద్దా? మన వాళ్లయితే నయమా, మన వాళ్లు కాకపోతే నయమా?"

మూడో ప్రశ్నకు వచ్చే జవాబు చాలామంది తల్లిదండ్రులకు మింగుడుపడదు. "మన వాళ్లు వద్దు" అనే పిల్లలే ఎక్కువ. కారణం సులువు. మన వాళ్లంటే మేనమామకు తెలిసినవాళ్లు, సంఘంలో కనిపించేవాళ్లు, రేపు పెళ్లి సంబంధం దగ్గర నోరు జారేవాళ్లు. చెప్పిన సంగతి ఆదివారం ప్రార్థన మనవుల్లో వినిపించిందని ఒకమ్మాయి నాతో అంది. పేరు పెట్టి చెప్పలేదట, కానీ ఆ సంఘంలో ఇంటర్ తప్పిన పిల్ల తనొక్కతే.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. ఒకే మతం మనిషి అక్కర్లేదు, నమ్మకం గురించి అడిగి తెలుసుకునే మనిషి కావాలి. అదే మతం అయినంత మాత్రాన గౌరవిస్తారనీ లేదు. వేరే మతం అయితే అర్థం కాదనీ లేదు.

2. బోర్డు మీద పేరు కాదు, అర్హత చూడండి

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాయగలరు. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో పేరుంటుంది. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో, పరీక్షలతో చికిత్స చేస్తారు. వీళ్లకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడిగితే చెప్పాలి. ఇక "కౌన్సెలర్" అనే మాట ఉందే, దాన్ని రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ పెట్టుకుంటున్నారు. మంచివాళ్లు లేరని కాదు, ఏం చదివారో అడగమంటున్నాను.

డబ్బు ఇబ్బందైతే జిల్లా ఆసుపత్రి మానసిక విభాగంలో ఓపీ చూపించుకోవచ్చు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నాయి. "ఎర్రగడ్డ" అన్న మాటనే తిట్టులా వాడే మనుషులం మనం. ఓపీకి వెళ్లి గంటలో ఇంటికి రావచ్చని చాలామందికి తెలియదు. ఊళ్లో ఎవరైనా చూస్తారని భయమైతే పక్క జిల్లాకు వెళ్లండి, లేదా 14416తో మొదలుపెట్టండి.

3. అపాయింట్‌మెంట్‌కు ముందు ఫోన్లో ఇవి అడగండి

ఎక్కువ ప్రశ్నలొద్దు, ఈ నాలుగు చాలు.

"మా అబ్బాయికి దైవభక్తి ఎక్కువ (లేదా అసలు లేదు). దాన్ని మీరెలా చూస్తారు?" మంచి జవాబు ఇలా ఉంటుంది: "తనకది ఎంత ముఖ్యమో తననే అడుగుతాను. మాట్లాడాలనుకుంటే మాట్లాడతాం." "ఇవన్నీ చాదస్తం, ముందు అవి మాన్పించాలి" అంటే ఫోన్ పెట్టేయండి. "మా దగ్గరికొచ్చి ఫలానా స్తోత్రం, ఫలానా వాక్యం చదివితే చాలు, మందులక్కర్లేదు" అన్నా పెట్టేయండి. రెండూ ఒకే తప్పు, చెరో వైపు నుంచి.

"మా పూజారితోనో, ఇమాంతోనో, పాస్టరుగారితోనో మాట్లాడాల్సి వస్తే మాట్లాడతారా?" పిల్లవాడు ఒప్పుకుంటేనే మాట్లాడతాను అనాలి. ఆ షరతు లేకుండా వెంటనే సరే అన్నా నాకు అనుమానమే.

"తను చెప్పింది మాకు ఎంతవరకు చెబుతారు?" అన్నీ చెబుతానంటే పిల్లలు నోరు విప్పరు. ప్రాణాపాయం, వేధింపు లాంటివి తప్ప మిగతావి తన అనుమతితోనే చెబుతాననడం సరైన జవాబు.

"ఒక్కో సిట్టింగ్ ఎంతసేపు, ఫీజెంత, సుమారుగా ఎన్నిసార్లు రావాలి?" బంగారం కొట్లో తరుగు, మజూరీ అడగడానికి లేని మొహమాటం ఇక్కడెందుకు?

ఒక హెచ్చరిక. అబ్బాయి అబ్బాయిలనే ఇష్టపడుతున్నాడనో, అమ్మాయి తను అమ్మాయిని కాదంటోందనో తెలిసి "మార్చేస్తాం" అనేవాళ్లను వెతికే కుటుంబాలున్నాయి. అలా మార్చే వైద్యం లేదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ దాన్ని డాక్టర్ల వృత్తికి విరుద్ధమైన పనిగా తేల్చింది. ఆ హామీ ఎవరిచ్చినా, కాషాయంలో ఉన్నా తెల్లకోటులో ఉన్నా, పిల్లను అక్కడి నుంచి తీసుకొచ్చేయండి.

4. మొదటి రోజు

వెళ్లే ముందు పిల్లవాడికి "డాక్టరమ్మ ఏదో మాట్లాడుతుందంతే" అని అబద్ధం చెప్పొద్దు. ఎక్కడికి వెళ్తున్నాం, ఎందుకు వెళ్తున్నాం అన్నది రెండు వాక్యాల్లో చెప్పండి.

లోపలికి వెళ్లాక ఇంటి మాటలే వాడండి. "గుండెల్లో దడ", "తల దిమ్మెక్కుతోంది", "ఒళ్లంతా మంట", "గాలి సోకిందని మా అత్తగారంటారు". వీటిని డిప్రెషన్, యాంగ్జైటీ అని మీరే తర్జుమా చేసి చెప్పొద్దు, ఆ పని అవతలి మనిషిది. ఇంట్లో పూనకం వచ్చే ఆచారం ఉంటే అదీ చెప్పండి. జాతరలో అందరి మధ్య వచ్చి పోయే పూనకం వేరు, పరీక్షల ముందు ప్రతి రాత్రీ వచ్చేది వేరు. ఆ తేడా తెలియాలంటే కౌన్సెలర్‌కు మీ ఇంటి సంగతి తెలియాలి.

మగపిల్లల విషయంలో ఒక మాట. "ధాతువు పోతోంది, బలం పోతోంది" అని, అంటే వీర్యం పోతోందని, కుమిలిపోయి, గోడల మీద ప్రకటనలు చూసి వేలు తగలేసే కుర్రాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తండ్రి ముందు ఇది బయటికి రాదు. అందుకే సిట్టింగ్‌లో కనీసం సగం సేపు పిల్లవాడిని ఒంటరిగా మాట్లాడనివ్వండి. 18 లోపు వాళ్ల చికిత్సకు మీ సమ్మతి కావాలి, నిజమే. సమ్మతి ఇవ్వడం అంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం కాదు. 18 నిండితే వాళ్ల సంగతులు వాళ్ల ఇష్టం లేకుండా మీకు చెప్పాల్సిన పని లేదు.

18 లోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగినట్టు తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం కౌన్సెలర్ దాన్ని పోలీసులకు తెలియజేయాల్సిందే. వేధించింది బంధువైనా, మతపెద్దైనా అంతే. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పే కౌన్సెలర్ నమ్మదగినవాళ్లు.

5. భక్తి ఏది, జబ్బు ఏది

ఈ భాగం కాస్త నిదానంగా చదవండి. అన్నిటికంటే ఆలస్యంగా ఇంట్లోవాళ్ల కంటపడేది ఇదే.

ఒకమ్మాయి స్నానం చేసి పూజగది గడప దాకా వచ్చేది. కాలికి ఏదో తగిలిందేమోనని వెనక్కి వెళ్లి మళ్లీ స్నానం. రోజుకు ఐదారు సార్లు. "మా పిల్లకు ఎంత మడి!" అని ఇంట్లో మురిసిపోయారు, ఫస్టియర్ మార్కులు వచ్చేదాకా. అది మడి కాదు, ఓసీడీ. అంటే వద్దనుకున్నా అదే ఆలోచన తిరుగుతూ, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. ముస్లిం ఇళ్లలో ఇదే జబ్బు వుజూ, అంటే నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కోవడం, రూపంలో వస్తుంది. చెయ్యి సరిగా తడవలేదేమో, వుజూ భంగమైందేమో అని అరగంట కొళాయి దగ్గరే. దీనికి "వస్వసా" అనే పేరు వాళ్లలో ఎప్పటినుంచో ఉంది. క్రైస్తవ పిల్లల్లో "పరిశుద్ధాత్మను మనసులో దూషించానేమో, నాకిక క్షమాపణ లేదేమో" అన్న ఆలోచన రోజంతా తిరుగుతుంది. పదిమందిని అడిగి "ఏం కాదులే" అనిపించుకున్నా పది నిమిషాల్లో మళ్లీ మొదలు.

ఎలా గుర్తుపట్టాలి? చేశాక ప్రశాంతత వస్తోందా, భయం పెరుగుతోందా చూడండి. భక్తితో చేసే పని ఎక్కడో ఒకచోట పూర్తవుతుంది. ఇది పూర్తికాదు.

ఇలాంటప్పుడు మతపెద్ద సాయం మందులతో సమానంగా పనిచేయడం నేను చూశాను. "వుజూలో ఒక్కో అవయవం మూడు సార్లకు మించి కడగకూడదు" అని కౌన్సెలర్ చెబితే కుర్రాడు వినడు, ఇమాం చెబితే వింటాడు. మతం అడుగుతున్నది ఎంత, జబ్బు అడుగుతున్నది ఎంత అన్న గీతను ఆయన గీయాలి. ఆ గీత దాటకుండా ఆగడం కౌన్సెలర్ నేర్పిస్తారు. అయితే "ఏం కాదులే" అని రోజూ పదిసార్లు ఆయనే భరోసా ఇవ్వడం మొదలుపెడితే జబ్బు ముదురుతుంది. ఒక్కసారి చెప్పి ఆగమనండి.

దేవుణ్ని వదలకుండా మందు వేసుకోవడం కొత్త సంగతేమీ కాదు. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా ఉంది. అక్కడ "దవా, దువా" (మందు, ప్రార్థన) పేరుతో దర్గా చూసుకునే ముజావర్లూ సైకియాట్రిస్టులూ కలిసి పనిచేశారు. దువా చేసిన ముజావరే మందుల గదికి పంపించేవాడు. దీనికి పూర్తి విరుద్ధమైన సంగతి తమిళనాడులోని దర్గా ఊరు ఎర్వాడి. 2001 ఆగస్టు 6న అక్కడ ఒక ప్రైవేటు షెడ్డులో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక 20 మందికి పైగా కాలిపోయారు. మీరు తీసుకెళ్లే చోట కట్టేస్తారా, కొడతారా, మందులు మాన్పిస్తారా? ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా వెనక్కి వచ్చేయండి. గొలుసుతో బంధించడాన్ని 2017 చట్టం నిషేధించింది కూడా.

6. ఉపవాసం, దీక్ష, జాగారం ఉంటే

మందులు వాడుతున్న పిల్లలకు రంజాన్ వస్తే, నెల ముందే డాక్టరుకు చెప్పండి. చాలా మందుల వేళలను సహరీకి (తెల్లవారకముందు తినే వేళకు), ఇఫ్తార్‌కు మార్చుకోవచ్చు. అన్నిటినీ కాదు. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడేవాళ్లకు ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు మోతాదు పెరిగి ప్రమాదమవుతుంది. సొంతంగా వేళలు మార్చొద్దు. జబ్బుపడ్డవారికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది, ఇది ఇమాం నోటి వెంట వింటే పిల్లవాడికి అపరాధభావం తగ్గుతుంది.

అయ్యప్ప మాల 41 రోజులు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భిక్ష, నేలపడక. మామూలు కుర్రాడికి ఇది మేలే చేయొచ్చు. వేళకు లేవడం, సిగరెట్ మానడం, చుట్టూ నలుగురు స్వాములు ఉండటం. కానీ బైపోలార్, అంటే మనసు కొన్నాళ్లు విపరీతమైన హుషారుకూ కొన్నాళ్లు దిగులుకూ ఊగే జబ్బు, ఉన్న పిల్లలకు నిద్ర తగ్గడం నిప్పుతో చెలగాటం. శివరాత్రి జాగారమైనా, ఆల్ నైట్ ప్రేయరైనా అదే లెక్క. ప్రత్యామ్నాయం గురుస్వామినీ, పాస్టరునీ అడిగితే వాళ్లే చూపిస్తారు. తొమ్మిదింటికి వెళ్లి పదకొండింటికి ఇంటికి వచ్చేస్తే ఎవరూ తప్పుపట్టరు.

7. పనిచేస్తోందో లేదో చూసుకోవడం

ఒక్క సిట్టింగ్‌తో తేలదు. నాలుగు నుంచి ఆరు చూడండి. డిప్రెషన్ మాత్రలైతే ప్రభావం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదట్లో అలజడి పెరిగినా, చావు ఆలోచనలు వచ్చినా తర్వాతి తేదీ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. కాస్త బాగుందని మాత్రలు టక్కున ఆపేయొద్దు. "స్వస్థత వచ్చింది, ఇక మాత్రలెందుకు" అని ఎవరన్నా సరే, ఆపడం ఎలాగో డాక్టరే చెప్పాలి.

డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంటుంది, మార్కులు 0 నుంచి 27, ఎక్కువైతే జబ్బు ఎక్కువని. మొదటి రోజు ఒకసారి, నెల తర్వాత ఒకసారి నింపమని కౌన్సెలర్‌నే అడగండి. ఐదు మార్కులు తగ్గితే చెప్పుకోదగ్గ మార్పే. చివరి ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం ఎంత తగ్గినా దానికి సున్నా కాక వేరే జవాబు ఉంటే ఆ రోజే మాట్లాడాలి.

కాగితం అక్కర్లేకుండా కనిపించేవీ ఉంటాయి. అన్నం దగ్గర కూర్చుంటున్నాడా, స్నేహితుల ఫోన్ ఎత్తుతున్నాడా, నిద్ర వేళకు పడుతోందా. భక్తి పెరగడాన్నో తగ్గడాన్నో కొలతగా పెట్టుకోవద్దు. "మళ్లీ గుడికి వస్తున్నాడండీ, నయమైపోయింది" అని సిట్టింగ్‌లు ఆపేసిన తండ్రి మూడు నెలల్లో మళ్లీ ఫోన్ చేశారు. కొడుకు గుడికి వెళ్తున్నది నాన్న అడగడం మానేస్తాడని.

కౌన్సెలర్ నచ్చకపోతే మార్చండి, అది అవమానమేమీ కాదు. కాకపోతే ఎవరికి నచ్చలేదో చూసుకోండి. అమ్మాయి ఇంట్లో మొదటిసారి "వద్దు" అనడం నేర్చుకున్నందుకే కౌన్సెలర్‌ను మార్చేసిన ఇళ్లు నాకు తెలుసు. పెళ్లి చేస్తే సర్దుకుంటుందని సిట్టింగ్‌లు మధ్యలో ఆపడం ఇంకా పెద్ద పొరపాటు. జబ్బు అలాగే ఉంటుంది, దాని పక్కన ఇంకో మనిషి వచ్చి చేరతారు.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలకు

చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, ఫీజులోనే కలిసి ఉంటుంది కాబట్టి వాడుకోండి. అత్యవసరమైతే అక్కడి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. అక్కడి కౌన్సెలర్ "మీ పేరెంట్స్ మాట ఎందుకు వినాలి, దూరం పెట్టు" అంటే కోపం తెచ్చుకుని మానేయకండి. "మా ఇంట్లో అప్పు చేసి పంపించారు. వాళ్లతో మాట తెగకుండా నా మాట ఎలా చెప్పుకోవాలో అది కావాలి" అని సూటిగా చెప్పండి. చాలామంది అప్పటికి దారికొస్తారు. రెండో సిట్టింగ్‌లోనూ అదే పాట పాడితే దక్షిణాసియా కుటుంబాలతో పనిచేసిన వాళ్లను ఇమ్మని సెంటర్‌లో అడగండి. అలా అడిగే హక్కు మీకుంది, ఆ మాట వాళ్లు రోజూ వినేదే.